పైడమ్మ పంపిన గోనె

పదిహేడో బిళ్ళ పంకాని పదకొండు గంటలు తిప్పింది. ఎవరికి చెప్పినా నమ్మరు గానీ, తిప్పింది.

చూడ్డానికి ఏముంది? అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ళ, అప్పడం కంటే కాస్త మందం. డాక్టర్ తవిటమ్మ దాన్ని పొద్దున్న ఏడింటికి గోడ ప్లగ్గుకి తగిలించి, కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా తీసేసి, బల్ల మీది పంకాకి కలిపింది. అంతే. ఆ పంకా టిఫిన్ల వేళ తిరిగింది, భోజనాల వేళ తిరిగింది. మధ్యాహ్నం కరెంటు పోయి విశాఖలోని ఆ ప్రయోగశాల భవనమంతా ఉక్కపోతకి ఉసూరుమంటుంటే అదొక్కటే దర్జాగా తిరిగింది. పక్క గదుల శాస్త్రవేత్తలు చేతిలో ఏదో కాగితం పట్టుకుని, ఏదో పనున్నట్టు లోపలికొచ్చి, ఆ గాలికి అక్కడే నిలబడిపోయారు. సాయంత్రం ఆరింటికి రెక్కలు నెమ్మదించి ఆగాయి.

ప్రయోగశాల అధిపతి భాస్కర పట్నాయక్ గారు నడుం పట్టుకుని వంగి బల్ల కిందకి చూశారు.

"ఏం వెతుకుతున్నారు సార్?" అంది తవిటమ్మ.

"ఇంకో వైరేదైనా ఉందేమోనని."

"లేదు సార్."

"ఒట్టు?"

"ఒట్టు సార్!"

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో 'ఫరవాలేదు' అన్న మాట దాటి ఎవరినీ మెచ్చుకున్న మనిషి కాదాయన. అలాంటాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "కొంప ముంచావు కదమ్మా! ఇక లోకంలో బ్యాటరీ కంపెనీలన్నీ ఏం కావాలి?" అని పకపకా నవ్వారు. తవిటమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

ఆమె చేసింది పైకి చూస్తే చాలా చిన్న పని. తాటి టెంకల పొడిని గాలి చొరబడని కొలిమిలో మాడ్చి బొగ్గు చేసింది. ఆ బొగ్గు నిండా కంటికి ఆనని బొరియలు. కరెంటు ఆ బొరియల గోడల్ని పట్టుకుని నిలవ ఉంటుంది. గోడలు ఎన్ని ఉంటే అంత నిలవ. కొబ్బరి చిప్పలతో, వేరుశనగ తొక్కలతో ప్రపంచమంతా ఈ పని చేస్తూనే ఉంది. కానీ తాటి టెంక బొగ్గులో ఉన్నన్ని గోడలు ఎక్కడా లేవు. పదహారు బిళ్ళలు పాడుచేశాక కొలిమి వేడి కుదిరింది. పదిహేడోది పలికింది.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసింది. ఇల్లంటే శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున ఇసకవానిపేట. అక్కడ తల్లి పైడమ్మ ఒక్కర్తే ఉంటుంది.

"అమ్మా! మన టెంకలు గెలిసాయే!"

"ఏ టెంకలే?"

"అదేనే, నువ్వు దంచి గోనెలో పంపినావు కాదా, ఆ పొడి. దాంతో పంకా పొద్దున్నుంచి తిరిగింది. రేపు పడవలు తిరుగుతాయి, ఆస్పత్రులు నడుస్తాయి. ఒలమ్మో, నీకెలగ సెప్పాలో నాకు తెలీడం నేదు!"

అవతల గరిటె చప్పుడు ఆగింది.

"ఆ గోనెలోదేనేటి?" అంది పైడమ్మ.

"అదేనమ్మా."

"అలగైతే మంచిదేలే. పొయ్యి మీద కూర మాడతంది, ఉంటాను."

కూతురు ప్రపంచాన్ని గెలిచిందని చెబితే కూర మాడుతోందంటుందా ఎవరైనా! అమ్మకి అర్థం కాలేదులే అనుకుంది తవిటమ్మ. అర్థం కానిది ఎవరికో ఆమెకి తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

తవిటమ్మ అన్న పేరు విని విశాఖలో ముసిముసిగా నవ్వేవాళ్ళు ఉన్నారు. శ్రీకాకుళం వైపు ఎవరూ నవ్వరు. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పక్కింటావిడ చేతికిస్తుంది. ఆవిడ గుప్పెడు తవుడు పోసి బిడ్డని 'కొనుక్కుని', మళ్ళీ తల్లికే పెంపకానికి ఇస్తుంది. ఇది తవుడుపాటి చేయని బిడ్డ, దీని జోలికి రాకు అని మృత్యువుకి చెప్పడం అన్నమాట. పైడమ్మకి నలుగురు పోయాక ఐదోది ఇలా దక్కింది. దక్కినదాన్ని తాటిచెట్ల కిందే పెంచింది. మొగుడు చెట్లెక్కి కల్లు గీసేవాడు, ఆయన పోయాక పైడమ్మ తేగలమ్మి కూతుర్ని చదివించింది. భాద్రపదంలో రాలిన పళ్ళ టెంకల్ని ఇసకలో పాతర వేస్తే నాలుగు నెలలకి ఒక్కో టెంక ఒక్కో తేగని భూమిలోకి దించుతుంది. పుష్యంలో తవ్వి తేగ తీసి, కుండలో పెట్టి కాల్చి, శ్రీకాకుళం బస్టాండులో అమ్మడం పైడమ్మ పని. ఖాళీ అయిన టెంక చిప్పలు పొయ్యిలోకి.

నల్లబిళ్ళ సంగతి పేపర్లలో వచ్చిన నెలకే నీలాంబరి కంపెనీ దిగింది. కంపెనీ తరఫున వచ్చిన రఘోత్తమ్ చురుకైన మనిషి. తెల్ల చొక్కా, ఎప్పుడూ చేతిలో ఫోను, మాట్లాడితే పది వాక్యాల్లో తొమ్మిది 'అయిపోతుంది మేడమ్' అనే ముగిసేవి. అన్నట్టుగానే అయిపోయింది కూడా. ఇసకవానిపేటకి రెండు మైళ్ళ దూరంలో, వేసవి వెళ్ళేసరికి ఫ్యాక్టరీ లేచింది. మూడంతస్తుల ఎత్తు కొలిమి చూసి తవిటమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

భాద్రపదం వచ్చింది. పదకొండు ఊళ్ళ తాటితోపుల్లో రాలిన పళ్ళన్నీ కంపెనీ లారీలెక్కాయి. గుజ్జు వలిచేశాక తేలినవి ఎనభై టన్నుల టెంకలు. ఫ్యాక్టరీ ఆవరణలో గుట్టలుగా పోశారు. శుక్రవారం పది గంటల ఇరవై నిమిషాలకి ముహూర్తం. మంత్రిగారొచ్చి కొలిమి వెలిగిస్తారు.

ఆ వారం మంగళవారం నాడు, లాంఛనానికి, కొత్త టెంకల్లోంచి ఒక బుట్టెడు తెప్పించి తవిటమ్మ ప్రయోగశాలలో బిళ్ళ చేసింది. గోనె పొడి జూన్‌లోనే అయిపోయింది, ఇది నలభై రెండో బిళ్ళ. పంకాకి కలిపి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పంకా ఆగి ఉంది.

"ఎవరాపారు?" అని అరిచింది.

ఎవరూ ఆపలేదు. తొమ్మిది నిమిషాలు తిరిగి అదే ఆగింది.

ఇంకోటి చేసింది. ఎనిమిది నిమిషాలు. సాయంత్రానికి మూడోది. తొమ్మిదిన్నర. అదే కొలిమి, అదే వేడి, అదే చెయ్యి. పట్నాయక్ గారు ఈసారి బల్ల కిందకి చూడలేదు. కుర్చీలో కూర్చుని, "వానలకి నానాయేమో," అన్నారు. ఆ మాట ఆయనకే నమ్మకం లేనట్టు అన్నారు.

"నానితే ఆరబెట్టి చేశాం కదా సార్."

"మరి తేడా ఎక్కడుంది?"

తేడా గోనెలో ఉంది. అంతకు మించి ఇంకెక్కడా ఉండడానికి లేదు. ఆ సంగతి తట్టిన తవిటమ్మ మర్నాడు తెల్లారగానే బస్సెక్కింది.

బుధవారం పది గంటల వేళ పైడమ్మ వాకిట్లో చేట ముందేసుకుని ఉత్త చేతులతో కూర్చుని ఉంది. ఏటా ఈ రోజుల్లో ఆమెని పలకరించడానికి కూడా తీరికుండదు, పాతర పనిలో మునిగి ఉంటుంది. ఈసారి పాతర వెయ్యడానికి ఊళ్ళో ఒక్క టెంక లేదు.

"ఒలే అమ్మీ! సెప్పా పెట్టకుండా వొచ్చీసినావేటి? తిన్నావా?"

"అమ్మా, కిందటేడు నువ్వు పంపిన గోనెలో ఏటుంది?"

"పొడి."

"ఏ పొడి?"

"టెంకల పొడే. ముందు మొకం కడుక్కో, సద్దన్నం ఉంది."

"అమ్మా!"

పైడమ్మ చేట తిరగేసి పెట్టింది. మళ్ళీ సరిగ్గా పెట్టింది. కూతురి మొహం తప్ప అన్నీ చూసింది.

"నాను ఉత్తరంలో ఏటి రాసాను? కొత్త టెంకలు కావాలి, పాతర వెయ్యనివి, మొలక రానివి అని రాసానా నేదా? రామ్మూర్తి మాస్టారు సదివి సెప్పినారా నేదా?"

"సెప్పినారు."

"మరి?"

"మరేటి? అయి కాదు నాను పంపింది." పైడమ్మ గొంతు ఒక్కసారి పెద్దదైంది. "తేగ తీసీసిన సిప్పలు పంపినాను. పొయ్యి కోసం దాసుకున్నయి. ముక్కలు సూస్తే నువ్వు కనిపెట్టీస్తావని రోట్లో ఏసి దంచినాను. సాలా? కొడతావేటి, కొట్టు!"

తవిటమ్మ అరుగు మీద కూలబడింది.

"ఎందుకమ్మా? ఎందుకలా సేసినావు?"

"మొలక రాని టెంక నిప్పుల్లో ఎయ్యమంటావేటే నన్ను? మన ఇంట ఎవులైనా ఏసినారా? మీ నాయిన ఏసినాడా, మీ తాత ఏసినాడా? దాని కడుపులో పిల్లుంటాది. పిల్ల బైటికొచ్చినాక సిప్ప ఏటైతే మనకేటి, కాల్చుకో. కడుపులో ఉండగా కాలుస్తామేటి?" పైడమ్మ కళ్ళు నిండిపోయాయి. "నలుగుర్ని మట్టిలో పెట్టినదాన్ని. నా సేత్తో ఆ పని సెయ్యలేనే. నువ్వడిగితే కాదన్లేక ఈ దొంగపని సేసినాను. పొడేగదా, ఏ పొడైతే ఏటిలే అనుకున్నాను."

తవిటమ్మకి కోపం రావాలి. నల్లబిళ్ళ నివేదికలో 'ముడిసరుకు: మొలకెత్తని తాజా తాటి టెంక' అని రాసి సంతకం పెట్టింది తను. దాని మీద ఒక ఫ్యాక్టరీ లేచింది, పదకొండు ఊళ్ళ తేగలు పోయాయి, అన్నీ ఆ అబద్ధపు వాక్యం మీదే. కానీ కోపానికి చోటు లేకుండా బుర్రలో ఇంకేదో పరుగెడుతోంది.

మొలక! టెంక కడుపులోని మొలక పైకి రావడానికి నాలుగు నెలలు లోపల్నుంచి ఆ రాతిలాంటి గోడని తింటుంది, రసాలు పోసి కరిగిస్తుంది, దార్లు తవ్వుకుంటుంది. ఆ దార్లే... ఆ దార్లే బొరియలు! తను కొలిమితో చేశాననుకున్న పని సగం ఇసకలోనే జరిగిపోయింది.

"అమ్మా!" అని ఎగిరి లేచి తల్లిని పట్టుకుని గిర్రున తిప్పేసింది. "నువ్వు దొంగపని సెయ్యలేదే! ఒలమ్మో, నువ్వే సేసినావే అసలు పని!"

"వొదుల్లే! నడుం పట్టీసింది! ఇదేటే, తిడతాదనుకుంటే ఇలగ తిప్పతంది?"

"సిప్పలింకా ఉన్నాయా? ఒక్క బుట్టెడు?"

"ఎక్కడివి? వానలకి పుల్లలు తడిసిపోతే అయే కాల్చినాం. ఊరంతా అంతే."

తవిటమ్మ ఊరంతా తిరిగింది. ఇంటింటి పొయ్యి వెనకా, పశువుల సాల వెనకా వెతికింది. గుప్పెడు చిప్పలు కూడా దొరకలేదు. బిళ్ళ చేసి చూపించాలంటే మళ్ళీ పుష్యం రావాలి. అక్కడ చూస్తే ఎల్లుండి పొద్దున్నే ఎనభై టన్నుల బతికున్న టెంకలు కొలిమిలో పడతాయి. పడితే వచ్చేది ఉత్త బొగ్గు. పదకొండు ఊళ్ళకి ఈ ఏడు తేగలూ ఉండవు, నల్లబిళ్ళలూ ఉండవు.

"కిందటేటి గోనె ఏం చేశాను..." అని తనలో తాను అనుకుంది. ఆ గోనె ప్రయోగశాల గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేసి ఉంది! తల్లిని కూడా బస్సెక్కించింది.

గురువారం పట్నాయక్ గారు తన గదిలోకి వచ్చేసరికి ఇద్దరాడవాళ్ళు నేల మీద బాసింపట్లు వేసుకుని ఒక మురికి గోనె కుట్లు విప్పుతున్నారు. కుట్ల మధ్య ఇరుక్కున్న పొడి చెంచాడు తేలింది. బిళ్ళకి చాలదు, సూక్ష్మదర్శినికి చాలు.

"సార్, ముందిది చూడండి. తర్వాత ఇది." ఒక పక్క గోనె పొడి, ఇంకో పక్క కొత్త టెంక పొడి.

ఆయన చూశారు. కొత్త టెంక గోడ గచ్చులా మూసుకుపోయి ఉంది. గోనెలోని పొడి ఒక్కో రేణువులో సన్నటి దారులు, దారుల్లోంచి మళ్ళీ పిల్లదారులు. చాలాసేపు చూశారు. తవిటమ్మ జరిగిందంతా చెప్పింది, నివేదికలో తను రాసిన తప్పుతో సహా.

"ఆ నివేదిక మీద నా సంతకం కూడా ఉందమ్మా," అన్నారాయన చివరికి. "రెండు నెలల్లో రిటైరవుతున్నాను. సన్మానానికి శాలువా కూడా కొన్నారట, మొన్న ఎవరో చెప్పారు."

"తప్పు నాది సార్. నేనొక్కదాన్నే రాసిస్తాను."

ఆయన పైడమ్మ వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఎనభై టన్నులు పాతర వేస్తే మొలకలొస్తాయా? రాలి నెల కావస్తోంది."

"రాకేం బాబూ! ఈ వారం దాటితే మాత్రం సచ్చిపోతాయి. ఇసకుండాలి, తడుండాలి, ఓపికుండాలి. మొదటి రెండూ మా కాడున్నాయి."

పట్నాయక్ గారు సూక్ష్మదర్శినిలో గోనె పొడిని మరోసారి చూసుకున్నారు. తర్వాత బల్ల మీదున్న కంపెనీ కాగితం తీశారు. కొలిమి వెలిగించడానికి అనుమతినిస్తూ ఆయన సంతకం చేయాల్సిన కాగితమది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. "పదండి, రేపు ముహూర్తం చెడగొట్టి వద్దాం," అన్నారు. పాతికేళ్ళు తగ్గిపోయినట్టు చకచకా మెట్లు దిగారు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి ఫ్యాక్టరీ గేటుకి మామిడి తోరణాలు, సన్నాయి మేళం. లోపల రఘోత్తమ్ మొహం మాత్రం జేవురించి ఉంది.

"సంతకం పెట్టరా? మంత్రిగారు దారిలో ఉన్నారు సార్! ఒక ముసలావిడ నమ్మకం కోసం కొలిమి ఆపమంటారా?"

"నమ్మకం కోసం కాదు," అంది తవిటమ్మ. "మా బిళ్ళలు కొత్త టెంకలతో తొమ్మిది నిమిషాలకే ఆగిపోతున్నాయి. ఇవి కాలిస్తే మీకు మిగిలేది బొగ్గు. ఇస్త్రీ పెట్టెల్లోకి పనికొస్తుంది."

"మొలకెత్తితే పదకొండు గంటలు తిరుగుతుందని గ్యారంటీ ఏమిటి? మీ దగ్గరున్నది చెంచాడు పొడి!"

తవిటమ్మ శాస్త్రం చదివిన మనిషి, గ్యారంటీ లేనిదాన్ని ఉందనలేదు. ఒకసారి తెలియక అబద్ధం రాసింది, తెలిసి ఇంకోసారి ఎలా చెబుతుంది? రఘోత్తమ్ వెనక ఎనభై టన్నుల టెంకలు పొద్దుటెండలో తడితడిగా మెరుస్తున్నాయి. గేటు అవతల పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పైడమ్మ నిన్ననే కబురు పంపింది.

"గ్యారంటీ లేదు," అంది తవిటమ్మ. "నా నివేదిక తప్పని రాసి తెచ్చాను, ఇదిగో. పుష్యంలో బిళ్ళ తిరక్కపోతే నా ఉద్యోగం వదిలేస్తాను. తిరిగినా తప్పు తప్పే, ఏ శిక్ష వేసినా పడతాను. కానీ వీటిని మాత్రం కాల్చకండి."

"నా సంతకం లేకుండా ఎలాగూ కాల్చలేరు," అన్నారు పట్నాయక్ గారు, జేబు మీద చెయ్యేసుకుని.

రఘోత్తమ్ తల పట్టుకున్నాడు. "ముహూర్తం సంగతేంటండీ? వచ్చినాయన చేత ఏం చేయించమంటారు?"

అంతవరకు పక్కన నిలబడ్డ పైడమ్మ ముందుకొచ్చింది. "అదేటి బాబూ అలగంటావు? ముహూర్తానికి నిప్పే ఎట్టాలేటి? మేం పాతర కూడా మంచిగడియ సూసే ఏస్తాం. ఆ బాబు సేత మొదటి టెంక ఏయించు. నిప్పు కాడ నిలబడ్డం కంటే ఇది సలవ గదా!"

మేళంవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. రఘోత్తమ్ పైడమ్మని చూశాడు, గేటు అవతలి జనాన్ని చూశాడు, గడియారం చూశాడు. "అయిపోతుంది," అన్నాడు నీరసంగా. మొదటిసారి ఆ మాట అతని నోటి నుంచి భయంగా వచ్చింది.

పది గంటల ఇరవై నిమిషాలకి మంత్రిగారు ఇసకలో గొంతుక్కూర్చుని టెంక పెట్టారు. బోర్లా పెడితే పైడమ్మ "అలగ కాదు బాబూ" అని చెయ్యి పట్టుకుని సరిచేసింది. ఇక చూడాలి! మూడొందల మంది ఆడవాళ్ళు కొంగులు బిగించి ఫ్యాక్టరీ వెనకున్న ఇసకపర్ర మీద పడ్డారు. తట్టలు, పారలు, కేకలు, ఒకరినొకరు వేళాకోళాలు. పట్నాయక్ గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తట్ట మోస్తుంటే, ఒకావిడ, "ఓ మేస్టారూ, సగం ఒలికిపోతన్నాయి, సూసుకోండి!" అని గదమాయించింది. ఆదివారం సాయంత్రానికి ఎనభై టన్నులూ భూమిలోకి వెళ్ళిపోయాయి.

సోమవారం నాడు తవిటమ్మకి ప్రయోగశాల నుంచి ఉత్తర్వు వచ్చింది. విచారణ ముగిసేదాకా విధుల్లోకి రానక్కర్లేదని. రెండు నెలలకి పట్నాయక్ గారు సన్మానం లేకుండానే రిటైరయ్యారు. ఆ శాలువా ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ నాలుగు నెలలూ తవిటమ్మ పాతర కాపలా కాసింది. అంత ధైర్యంగా చెప్పింది గానీ లోపల ఒకటే గుబులు. గోనె పొడి మంచిదవడానికి మొలకే కారణమా? పొయ్యి దగ్గర పొగ తగిలిందా? రోటి రాయి కలిసిందా? ఒక్కోరోజు ఒక్కో అనుమానం. కార్తీకంలో తుపాను పట్టి మూడురోజులు వాన కురిస్తే, నీళ్ళు నిలవకుండా తల్లీకూతుళ్ళిద్దరూ నడుం దాకా తడిసి కాలవలు తీశారు.

"రాకపోతే ఏటవుతాదే?" అని అడిగింది పైడమ్మ, పార ఆపి.

"ఉజ్జోగం పోద్ది."

"పోతే రా. తేగలమ్ముకుందాం. లెక్కలు నువ్వు సూసుకుందువు గాని."

తవిటమ్మకి ఆ వానలో నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి కొంచెం నిద్ర పట్టింది.

పుష్యం వచ్చింది. ఊళ్ళు ఊళ్ళే కదిలొచ్చి పాతరలు తవ్వాయి. ఇసకలోంచి తేగలు మూరెడేసి పొడుగున, తెల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. తేగలు ఊళ్ళవాళ్ళకి, చిప్పలు ఫ్యాక్టరీకి. అది రఘోత్తమ్ తనంతట తనే ఒప్పుకున్న ఒప్పందం. ఖాళీ చిప్పల్ని తవిటమ్మ ఒక బుట్టలో వేసుకుని, ఫ్యాక్టరీలోని చిన్న కొలిమిలో మాడ్చి, బిళ్ళ చేసింది. నోటుపుస్తకంలో ముడిసరుకు అన్నచోట 'మొలకెత్తి, తేగ తీసేసిన తాటి టెంక' అని రాసింది. పద్ధతి కనిపెట్టినవారు అన్నచోట 'పైడమ్మ, ఇసకవానిపేట' అని రాసింది.

ఉదయం ఎనిమిదింటికి ఫ్యాక్టరీ వరండాలో బల్ల వేసి, పంకా పెట్టి, బిళ్ళ కలిపింది. పంకా తిరిగింది. ఆ మాటకొస్తే మొన్నటి పాడుబిళ్ళలూ మొదట తిరిగాయి. పట్నాయక్ గారు పొద్దున్నే బస్సులో వచ్చి చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. రఘోత్తమ్ ఫోను జేబులో పెట్టేశాడు. వరండా కింద ఆడవాళ్ళు కుండల్లో తేగలు కాలుస్తూ మాటలాపేశారు.

ఏడు నిమిషాలు. ఎనిమిది. తొమ్మిదో నిమిషంలో తవిటమ్మ కళ్ళు మూసుకుంది. ఆగిపోతే ఆ చప్పుడు ఆగడం తెలుస్తుంది కదా అని చెవులు మాత్రం అప్పగించింది. గుర్ర్‌మని అదే చప్పుడు. అలాగే ఉంది. ఇంకా అలాగే ఉంది.

"పదిహేను," అన్నారు పట్నాయక్ గారు. మళ్ళీ గట్టిగా, "పదిహేను నిమిషాలమ్మా!" అని అరిచారు.

ఇంకేముంది, వరండా కింద ఈలలు, చప్పట్లు. రఘోత్తమ్ ఎవరి చేతిలోదో కాలిన తేగ లాక్కుని ఉత్సాహంలో తొక్కతో సహా కొరికేశాడు. "అయ్యో, వలుచుకోవాలయ్యా!" అని నలుగురూ మీదపడి నవ్వారు. పంకా పది గంటలకి తిరిగింది, ఒంటిగంటకి తిరిగింది. సాయంత్రం ఏడింటికి పదకొండు గంటలు నిండాయి. ఏడు దాటింది, ఏడున్నరా అయింది. రెక్కలు నెమ్మదించనే లేదు. పట్నాయక్ గారు కళ్ళజోడు తుడుచుకోవడం అప్పటికి ఎన్నోసారో లెక్క లేదు. తవిటమ్మ బల్ల పక్కనే నేల మీద కూర్చుని ఏడుస్తోంది, నవ్వుతోంది, ఎవరో చేతిలో పెట్టిన తేగ తింటోంది.

పంకాకి ఎదురుగా గౌరవంగా వేసిన కుర్చీలో పైడమ్మ పొద్దుట్నుంచి కదలకుండా కూర్చుని ఉంది. పుష్యమాసపు సముద్రపు గాలి ఒకవైపు, ఆ పంకా ఒకవైపు. కాళ్ళు పైకి ముడుచుకుని, కొంగు చెవుల చుట్టూ బిగించి కప్పుకుంది.

"ఒలే తవిటీ," అంది మెల్లగా. "ఇదెప్పుడాగుతాదే?"

"తెలీదమ్మా."

"పోనీ ఆపీరాదేటి? సలి సంపేస్తంది."

ఒక్కరూ లేవలేదు. తవిటమ్మ తన తెల్లకోటు విప్పి తల్లి భుజాల మీద కప్పి, బొత్తాలు పెట్టి, మళ్ళీ వచ్చి పంకా పక్కన కూర్చుంది.